కొసరు పరదా

పరదాల షాపు ఆయన్ని ఎవరైనా "మీరు మొదటిసారి విన్న కచేరి ఏది?" అని అడిగితే, ఆయన గజాల్లో జవాబు చెప్తాడు.

"పదహారు పరదాలు. ఒక్కొక్కటి ఇరవై గజాలు. లోపల అస్తరు వేరే."

అడిగినవాళ్లు తెల్లమొహం వేస్తారు. పక్కన ఆయన భార్య ఉంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

నిజానికి ఆ షాపులో ఈ ప్రశ్న కొత్తది కాదు. పరదాలు కొనడానికి వచ్చినవాళ్లు రంగు తేల్చుకోలేక గంటలకొద్దీ కూర్చుంటారు. కూర్చున్నవాళ్లు ఊరుకోరు, కబుర్లలో పడతారు. ఒకాయన తండ్రి భుజాలెక్కి విన్న కచేరి గురించి చెప్తాడు. పాట ఒక్కటీ గుర్తులేదు, తండ్రి బట్టతల మీద తాళం వేసినందుకు తిన్న మొట్టికాయ మాత్రం నిన్న తిన్నట్టే ఉందంటాడు. ఒకావిడ వానలో తడుస్తూ మూడు గంటలు విన్నది. ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ ముక్కే కచేరి చేసింది. షాపుకు కుట్టుపని చేసే టైలరు, అంటే ఆయన బావమరిది, మొదటి కచేరిలో కొత్త చెప్పులు పోగొట్టుకుని ఎవరివో తొడుక్కొచ్చాడు. "అందులో ఎడమది నన్ను ఇప్పటికీ క్షమించలేదు," అంటాడు.

ఇలాంటి కబుర్లు వస్తే షాపు ఆయన టేపు తీసుకుని ఏదో ఒక గుడ్డ కొలుస్తూ ఉండేవాడు. నలభై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆయన ఏ కచేరీకీ వెళ్లలేదు. పాట గాల్లో పోయే సరుకు, గాల్లో పోయేదాన్ని కొలవలేం, కొలవలేనిదాన్ని నమ్మలేం అని ఆయన లెక్క.

ఆయన భార్య లెక్క వేరు. ఆవిడ చిన్నప్పటి నుంచీ ఒకే గొంతు విన్నది. ఆదివారం పొద్దున రేడియోలో ఒక గాయని పాడేది. పాట మొదలయ్యే వేళకు ఆవిడ పొయ్యి కట్టేసేది, కుళాయి కట్టేసేది, ఎవరైనా మాట్లాడితే వాళ్ల నోరు కూడా కట్టేసేది. పెళ్లైన కొత్తలో ఒక ఆదివారం అలా నోరు కట్టేయించుకున్న మొగుడు, పాట అయ్యాక, "ఆవిడ మన ఊరు రానీ, ముందు వరసలో కూర్చోబెట్టి వినిపిస్తా," అని మాటిచ్చాడు. కొత్త పెళ్లికొడుకు మాటకు గ్యారంటీ చీటీ ఉండదని ఆవిడకు అప్పుడు తెలియదు.

గాయని రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినరోజే సరుకు లారీ కూడా వచ్చింది. రెండోసారి టిక్కెట్లు జేబులోనే ఉన్నాయి. కానీ ఆ మధ్యాహ్నం ఒక హోటలాయన నలభై కిటికీల ఆర్డరు ఇవ్వాలా వద్దా అని ఊగుతూ, మాటల మధ్యలో తన భార్యకు సంగీతమంటే ప్రాణమన్నాడు. టిక్కెట్లు ఈ జేబులోంచి ఆ జేబులోకి నడిచివెళ్లాయి. నలభై కిటికీలు వచ్చాయి.

భార్య కేకలు వేయలేదు, అలగలేదు. ఆ రోజు నుంచి అడగడం మానేసింది, అంతే. సణగని ఇల్లాలు దొరకడం పెట్టి పుట్టడమని ఆయన నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. అడగడం మానేసిన ఖాతాదారు అప్పటికే వేరే షాపు చూసుకున్నాడని ఏ వ్యాపారికైనా తెలుసు. ఆ సంగతి ఇంటికి కూడా వర్తిస్తుందని ఆయనకు తోచలేదు.

పెళ్లైన ఇరవై రెండేళ్లకు ఊళ్లో కొత్త హాలు కట్టారు. మేనేజరు సన్నగా, పొడుగ్గా, ఎవరేం చెప్పినా తలూపే మనిషి. వేదికకు ఒక తెర కావాలని షాపుకొచ్చాడు. ఒక్క తెర కోసం వచ్చినవాణ్ని ఒక్క తెరతో పంపిస్తే ఆ షాపు ఎందుకు? మన ఆయన టేపు పట్టుకుని హాలుకు వెళ్లాడు. చుట్టూ చూసి, తలకు దెబ్బ తగిలినట్టు నిలబడిపోయాడు.

"ఏమైందండీ?" అన్నాడు మేనేజరు కంగారుగా.

"గోడలండీ. ఎంత బోడిగా ఉన్నాయో! పెద్దపెద్దవాళ్లొచ్చి కూర్చునే చోట గోడ కనపడటమేంటండీ?"

మేనేజరు గోడల వంక చూశాడు. ఆ క్షణం దాకా అవి అతనికి గోడల్లాగే ఉన్నాయి. ఇప్పుడు బోడిగా కనిపించాయి.

షాపు గోడౌన్లో ముదురు వంకాయరంగు వెల్వెట్ తొమ్మిదేళ్లుగా మూలుగుతోంది. దుప్పటంత మందం. ఎవరికి చూపించినా "చీకట్లో ఇంకా చీకటిగా ఉంటుందండీ" అని పక్కకు నెట్టేవాళ్లు. ఆ తానులన్నిటికీ ఆ రోజు మోక్షం వచ్చింది. ఎడమ గోడకు ఆరు, కుడి గోడకు ఆరు, వెనక గోడకు నాలుగు. పైకప్పు నుంచి నేల దాకా, మడతల మీద మడతలు, లోపల మందపాటి అస్తరు.

"ఇంత మందం అవసరమంటారా?" అని మేనేజరు ఒక్కసారి అడిగాడు.

"ఎండకు మంచిదండీ. చలికి మంచిది. దుమ్ముకు మంచిది."

"మరి ఇది పాటలు పాడే హాలు కదా?"

"శబ్దానికైతే చెప్పనే అక్కర్లేదు. చాలా మంచిది!" అన్నాడు ఆయన, ఆ మాటకు అర్థమేమిటో తనకూ తెలియకుండానే.

ఇక్కడ ఆయన పనితీరు ఒకటి చెప్పుకోవాలి. సరుకు అమ్మడం సగం వ్యాపారం, అమ్మింది తిరిగి రాకుండా చూసుకోవడం మిగతా సగం అని ఆయన సిద్ధాంతం. అందుకని ఆయన పరదాలకు రింగులూ కొక్కేలూ ఉండవు. గోడలోకి దిగేసిన రాడ్డు మీదే గుడ్డ మడిచి, బావమరిదిని నిచ్చెన మీద నిలబెట్టి, మైనం దారంతో చేతికుట్టు రెండు వరసలు వేయిస్తాడు. పైఅంచున ఒక చిన్న గుడ్డచీటీ కూడా కుట్టిస్తాడు. దాని మీద షాపు పేరు, కింద "ఊడని పరదా" అని ఉంటుంది. ఇది నాణ్యత అని జనం మెచ్చుకునేవారు. ఊడని పరదాను వాపసు తేవడం కుదరదన్న సంగతి బావాబావమరుదులకు మాత్రమే తెలుసు.

బేరం ముగిశాక కొనేవాళ్లు కొసరు అడుగుతారు. ఆ రోజు అమ్మేవాడే అడిగాడు. "హాల్లో మొదటి కచేరి ఎవరిదండీ?"

మేనేజరు గాయని పేరు చెప్పాడు. వయసైపోయిందట, ఇదే ఆఖరి పర్యటనట, ఇక బయట పాడదట. మైకంటే ఆవిడకు గిట్టదు కాబట్టి మైకు లేకుండానే పాడుతుందట.

"ముందు వరసలో రెండు టిక్కెట్లు ఇప్పించండి," అన్నాడు షాపు ఆయన.

ఇంటికొచ్చి, టిక్కెట్లు బల్ల మీద పెట్టి, ఇరవై రెండేళ్ల నాటి మాట నిలబెట్టుకున్నవాడిలా ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. భార్య టిక్కెట్లు చూసింది, మొగుణ్ని చూసింది.

"కొన్నారా?"

"కొనడమెందుకు? పరదాలకు కొసరుగా వచ్చాయి."

"ఓహో," అంది ఆవిడ. టిక్కెట్లు తీసి గోధుమపిండి డబ్బాలో దాచింది. ఆయన చొక్కా జేబు చేరని చోటు ఇంట్లో అదొక్కటే.

కచేరి ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ఆవిడ రెండున్నరకే తయారై గుమ్మంలో నిలబడింది. మూడున్నరకు హాలు ముందు జనం. లోపలికి అడుగుపెట్టగానే షాపు ఆయన వేదిక చూడలేదు, తన పరదాలు చూసుకున్నాడు. అవి నేలను తాకుతూ రాజుగారి దర్బారులా వేలాడుతున్నాయి. ఆఖరి వరసలో బావమరిది కూర్చుని ఉన్నాడు.

"నువ్వొచ్చావేంట్రా?"

"నా పనితనం చూసుకుందామని, బావా. కుట్టు చూడు, కంటికి ఆనుతోందా?"

ముందు వరసలో కూర్చోగానే అవతలి సీటు పెద్దమనిషి ఆయన భార్యను పలకరించాడు. "ఈవిడ పాట నేను ఆరోసారి వినడమమ్మా. మీరు?"

"మొదటిసారి," అంది ఆవిడ. మొగుడి వంక చూడలేదు. చూసి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

గాయని వచ్చింది. రేడియోలో విన్న గొంతుకు ఆయన ఒక ఎత్తరి మనిషిని ఊహించుకున్నాడు. వచ్చినావిడ మూడు మూరల మనిషి. పక్కన వయొలిన్ ఆయన. దండం పెట్టి, కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

పాట నోట్లోంచి వచ్చింది. వచ్చినట్టే ఆగిపోయింది.

ఎక్కడో ఏదో తేడాగా ఉందని షాపు ఆయనకు కూడా తెలిసింది. పెదాలు కదులుతున్నాయి, మెడనరాలు ఉబ్బుతున్నాయి, చెవిదాకా వచ్చేది మాత్రం పక్కగదిలో ఎవరో పాడుతున్నట్టుంది. ఆవిడ గొంతు పెంచింది. పెంచిన గొంతు బొంగురుపోయింది. వెనక వరసల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో "కాస్త గట్టిగా!" అన్నారు. ఆ అరుపు కూడా సగం దారిలో చచ్చిపోయింది. రెండో పాటకు పెద్దావిడ మొహం చిన్నబోయింది. మూడో పాట మధ్యలో ఆపేసి, వయొలిన్ ఆయన చెవిలో ఏదో చెప్పి, లేచి లోపలికి వెళ్లిపోయింది. మేనేజరు పరిగెత్తుకొచ్చి పది నిమిషాలు విరామమన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. మూడొందల మంది కొట్టిన చప్పట్లు నానిన అట్టముక్కల్లా పడ్డాయి.

ఆ చప్పుడు విని షాపు ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ నిశ్శబ్దం ఆయనకు తెలుసు. తన గోడౌన్లో ఉండే నిశ్శబ్దమది! బావమరిదిని తిట్టాలంటే ఆయన గోడౌన్లోకి తీసుకెళ్లి, తానుల మధ్య నిలబెట్టి తిట్టేవాడు. ఎంత అరిచినా షాపులో ఉన్న ఖాతాదారుకు చీమ చిటుక్కుమన్నట్టు కూడా వినపడదు. ఇరవై ఏళ్లుగా ఆ గుణాన్ని వాడుకుంటూ, ఆ గోడౌన్నే తెచ్చి ఈ హాలుకు తొడిగాడు.

రహస్యంగా ఒకసారి చప్పట్లు కొట్టి చూశాడు. అవును. వెల్వెట్ మింగేస్తోంది. అస్తరు నంజుకుంటోంది.

ఇప్పుడేం చేయాలి? ఆయన బుర్ర తక్కెడలా ఊగింది. ఒక పక్క, ఈ సంగతి తెలిసినవాడు ప్రపంచంలో తనొక్కడే. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చుంటే పదహారు పరదాలూ పదికాలాలు వేలాడతాయి. మరో పక్క వేయడానికి ఏముందా అని చూసుకుంటుండగా భార్య మెల్లగా అంది.

"పాపం, ఆవిడ గొంతు అయిపోయిందండీ. రేడియోలోనే నయం. మనం ఆలస్యంగా వచ్చాం."

మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే ఏదో ఒకటి ఎదురు చెప్పి గెలిచేవాడు. ఆవిడ చేతిలో టిక్కెట్టు మడతలు పడి ఉంది. గోధుమపిండి ఇంకా అంటుకునే ఉంది.

ఆయన లేచాడు. "ఎక్కడికి?" అంది ఆవిడ. "సరుకు చూసొస్తా," అన్నాడు.

వేదిక వెనక చిన్నగదిలో పెద్దావిడ వేడినీళ్లు తాగుతూ కూర్చుంది. మేనేజరు చేతులు పిసుక్కుంటూ, పైకప్పు ఎత్తు ఎక్కువైందనీ, కుర్చీలు మంచివి కావనీ, గాలి వాలు సరిగా లేదనీ చెప్తున్నాడు.

"హాలును అనకు నాయనా," అంది ఆవిడ. "తప్పు నాది. నా గొంతు నాకే వినపడటం లేదు. దిండులో మొహం పెట్టి పాడినట్టుంది. గొంతు పోయాక కూడా పాడకూడదు. బయటికొచ్చి జనానికి ఒక దండం పెట్టి వెళ్లిపోతాను."

వయొలిన్ ఆయన తల దించుకున్నాడు. షాపు ఆయన గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. తర్వాత, వ్యాపారంలో అడుగుపెట్టాక మొదటిసారిగా, అడగకుండా తన సరుకు లోపం తనే చెప్పాడు.

"అమ్మా, మీ గొంతుకేం కాలేదు. నా గుడ్డ తినేసింది."

"ఎవరు బాబూ నువ్వు?"

"పరదాలు నావమ్మా."

మేనేజరు కళ్లు పెద్దవి చేశాడు. "మీరేగా శబ్దానికి చాలా మంచిదన్నారు!"

"మంచిదేనండీ. శబ్దాన్ని లోపల పెట్టుకుని బయటికి వదలదు. అమ్మా, నమ్మకం లేకపోతే ఇక్కడే ఒక్క ముక్క పాడండి. ఈ గదిలో నా గుడ్డ లేదు. వేయిద్దామన్నాను, కిటికీ లేని గదికి పరదా ఎందుకని ఈయన ఒప్పుకోలేదు. అదృష్టం బాగుండి ఒప్పుకోలేదు."

పెద్దావిడ నీళ్ల గ్లాసు కింద పెట్టింది. నమ్మనట్టే చూస్తూ, కూర్చున్నచోటే ఒక్క స్వరం అందుకుంది.

బోడిగోడల చిన్నగది గంట కొట్టినట్టు మోగింది. స్టీలు గ్లాసు సన్నగా జిల్లుమంది. షాపు ఆయన చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చలి గాలి వచ్చిందేమోనని వెనక్కి తిరిగి తలుపు చూశాడు. తలుపు మూసే ఉంది.

పెద్దావిడ కళ్లలో పదేళ్లు వెనక్కి వెళ్లిపోయాయి. "దించండి," అంది.

"ఏవమ్మా?"

"నీ పరదాలు నాయనా. దించు."

"అవి..." షాపు ఆయన నసిగాడు. "అవి దిగవమ్మా."

"దిగకపోవడమేంటి?" అన్నాడు మేనేజరు.

"ఊడని పరదాలండీ. చీటీ మీద రాసే ఉంది."

రెండు నిమిషాల్లో బావమరిదిని ఆఖరి వరస నుంచి లేపుకొచ్చారు. పనితనం చూసుకుంటూ చూసుకుంటూ నిద్రపోయాడతను. సంగతి విని నిద్రమత్తు వదిలి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు.

"బావా, గుర్తుందా? ఒక్క కుట్టు వదిలినా నా పేరు మార్చేస్తానన్నావు. నిచ్చెన మీద తొమ్మిది రోజులున్నాను. ఆ కుట్టు విప్పాలంటే ఇంకో తొమ్మిది రోజులు పడుతుంది. ఈ జనం కూర్చుంటారా?"

"విప్పక్కర్లేదు. కొయ్యి."

"కొయ్యాలా?"

"కుట్టు కింద నుంచి అడ్డంగా కొయ్యి."

"వెల్వెట్టా?" అన్నాడు అతను. "కోస్తే ఇక ఏ గోడకూ పొడుగు చాలదు బావా. దిండుగలీబులకు తప్ప పనికిరాదు."

"ఇప్పుడది చేస్తున్నది దిండు పనే. కొయ్యరా."

ఆ ఇద్దరూ జేబులో కత్తెర లేకుండా ఇంట్లోంచి బయటికి రారు. హాలు పని ముగించినప్పటి నిచ్చెనలు రెండు ఇంకా మెట్ల కిందే ఉన్నాయి. ఒకటి బావ ఎక్కాడు, ఒకటి బావమరిది. జనం లేచి నిలబడ్డారు. ఇది కూడా కచేరిలో భాగమేమోనని ముందు వరస పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు.

మొదటి పరదా ధబ్బున కూలింది. దుమ్ము లేచింది. వేదిక మీద నిలబడ్డ పెద్దావిడ స్వరం పాడి, తల పక్కకు వంచి విని, "ఇంకొకటి," అంది.

రెండోది కూలింది. పాడింది. "ఇంకొకటి."

జీవితమంతా ఆయన ఈ మాటే విన్నాడు. షాపులో కూర్చున్న ప్రతివాళ్లూ ఇదే మాట అంటూ అల్మారాల్లోని తానులన్నీ కిందికి దింపిస్తారు, ఆఖరికి మొదట చూసిందే కొంటారు. ఎంత కఠినమైన ఖాతాదారునైనా ఆయన నాలుగో తానులో పడగొట్టేవాడు. ఈ మూడు మూరల మనిషి దగ్గర ఆయన పాచికలు పారలేదు.

ఆరోది దిగాక అడిగాడు. "అమ్మా, ఇక బాగానే ఉన్నట్టుంది కదా?"

"నీ చెవికి బాగుందా?"

"బాగానే ఉందమ్మా."

"నీది అమ్మేవాడి చెవి. ఇంకొకటి."

ఎనిమిదోది దిగేటప్పుడు మేనేజరు సరిగ్గా దాని కిందికి వచ్చి, "జాగ్రత్త, జాగ్రత్త" అని మిగతావాళ్లను హెచ్చరిస్తున్నాడు. ఇరవై గజాల వెల్వెట్ అతన్ని నిలువునా మింగేసింది. వంకాయరంగు కుప్ప ఒకటి హాల్లో అటూ ఇటూ నడిచి, రెండు కుర్చీలు పడగొట్టింది. లోపల అతను అరుస్తూనే ఉన్నాడట. ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. గుడ్డ గుణం గురించి అప్పటిదాకా ఎవరికైనా అనుమానముంటే అది కూడా తీరిపోయింది.

ఆ తర్వాత జనమే రంగంలోకి దిగారు. నిచ్చెన పట్టుకునేవాళ్లు పట్టుకున్నారు, కూలిన గుడ్డను వసారాలోకి లాగేవాళ్లు లాగారు. ప్రతి పరదా కూలాక పెద్దావిడ స్వరం ఇంకాస్త దూరం వెళ్లివచ్చేది. పదోది దిగాక అది ఆఖరి వరస దాకా వెళ్లింది. పన్నెండోది దిగాక పైకప్పుకు చేరింది.

వెనక గోడ దగ్గర ఆయన చివరి బేరం ఆడాడు. "అమ్మా, ఈ నాలుగూ ఉంచేద్దాం. గుమ్మానికి అందంగా ఉంటాయి. రంగు కూడా..."

"మూడు దించు," అంది ఆవిడ. "ఒకటి ఉంచుకో, నీ మాట ఎందుకు తీసెయ్యాలి?"

మూడూ దించాడు. పదిహేను. ఆవిడ పాడి, విని, తలూపింది. "చాలు నాయనా. ఇక దిగు."

జనం కుర్చీల్లో సర్దుకున్నారు. బావమరిది నిచ్చెన దిగేశాడు. షాపు ఆయన దిగలేదు. పైనే ఉండి, మూలన వేలాడుతున్న పదహారోదాని వంక చూస్తూ నిలబడ్డాడు. స్వరం అంతా తిరిగొస్తోంది, కానీ దాని తోక ఎక్కడో చిక్కుకుంటోంది. చిన్నగదిలో విన్నప్పుడు దానికి తోక ఉంది, సన్నగా, చివరిదాకా. ఇక్కడ ఆ చివర లేదు. గుడ్డ తానులో ఆఖరి బెత్తెడు తగ్గితే చేతికి తెలిసినట్టు ఆయనకు తెలిసింది.

నిచ్చెన మూలకు జరిపించి, కత్తెర తీసి, పదహారోది కూడా కోసేశాడు.

"చాలన్నానుగా నాయనా?" అంది వేదిక మీద నుంచి పెద్దావిడ.

"కొసరమ్మా," అన్నాడు ఆయన.

హాలంతా నవ్వింది. ఆ నవ్వు నాలుగు గోడలకూ కొట్టుకుని రెండింతలై తిరిగొచ్చింది. ముందు వరసలో ఆయన భార్య పక్కసీటు పెద్దమనిషితో అంది. "ఇరవై రెండేళ్ల కాపురంలో ఈయన అడక్కుండా కొసరు వేయడం ఇదే చూడటమండీ."

ఆయన వచ్చి కూర్చునేసరికి జుట్టు నిండా దారప్పోగులు, మీసం మీద దుమ్ము. పెద్దావిడ కళ్లు మూసుకుంది. ఆపేసిన మూడో పాటనే మొదటి నుంచి ఎత్తుకుంది.

ఆ పాట ఎలా ఉందని అడిగితే మన ఆయన ఇప్పటికీ చెప్పలేడు. కొలత లేని సరుకు గురించి మాట్లాడటం ఆయనకు రాదు. ఒక్కటి మాత్రం చెప్తాడు. పాట మధ్యలో తుమ్ము వచ్చింది, దుమ్ము మహిమ. తుమ్మితే ఆ హాల్లో అది కూడా పాటంత దూరం వెళ్తుందని ఆయనకు తెలుసు. ముక్కు గట్టిగా పట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుండగా, పాట అయ్యేదాకా ఆపుకున్నాడు. అవతలి పెద్దమనిషి ఆ కన్నీళ్లు చూసి, "మొదటిసారి నాకూ ఇంతే," అని ఆయన భుజం తట్టాడు. అందులో తుమ్ము వాటా ఎంత, పాట వాటా ఎంత అన్నది ఆయన తేల్చుకోలేదు. భార్య పక్కకు తిరిగి చూడలేదు. చూడకుండానే ఆయన చెవి మీద నుంచి ఒక దారప్పోగు తీసి, కింద పడేయకుండా చేతిలోనే పెట్టుకుని పాట విన్నది.

కచేరి ఆరున్నరకు అయిపోయింది. చప్పట్లు గోడలకు తగిలి అదిరాయి. ఇరవై రెండేళ్లలో మొదటిసారిగా ఆయన షాపు సరుకు వాపసు వచ్చింది. ఒకటీ రెండూ కాదు, పదహారు. హాలు వసారాలో కొండలా పడి ఉంది. బావమరిది దాని పక్కన చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"అటు చూడు బావా," అన్నాడు పైకి చూపిస్తూ.

రాడ్డులకు బెత్తెడు వెడల్పున పైఅంచులు మాత్రం మిగిలి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద గుడ్డచీటీ చక్కగా కనిపిస్తోంది: ఊడని పరదా.

"రాసిన మాట నిలబెట్టుకున్నాం," అన్నాడు బావమరిది. "నా పేరు మార్చక్కర్లేదు."

ఆ చీటీలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అవి కూడా తీసేయమని మేనేజరు రెండుసార్లు కబురు పంపాడు. మైనం దారం, రెండు వరసలు. ఎవరి వల్లా కాలేదు.

అంతలో వయొలిన్ ఆయన పెట్టె చంకలో పెట్టుకుని వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ఈ గుడ్డ నిజంగా అంత బాగా శబ్దం మింగుతుందాండీ? నేను ఇంట్లో సాధన చేసే గది ఒకటుంది. మా పక్కింటివాళ్లు రోజూ తలుపు కొడుతున్నారు. మా ఆవిడ కూడా వాళ్లవైపే."

షాపు ఆయన చెయ్యి దానంతట అదే జేబులోని టేపు మీదికి వెళ్లింది. "గది ఎన్ని గజాలండీ?" అన్నంతలో భార్య గుమ్మంలో నిలబడి ఉండటం కనిపించింది. టేపు వదిలేశాడు. "రేపు షాపుకు రండి," అన్నాడు.

ఇద్దరూ నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు. వీధిదీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఆయన ఒకటి రెండుసార్లు దగ్గాడు, ఏదైనా అంటుందేమోనని. మలుపు తిరిగాక అంది.

"ఆ వయొలిన్ ఆయన వచ్చే నెల వేరే ఊళ్లో వాయిస్తాడట. పక్కనాయన చెప్పాడు. రెండు గంటల ప్రయాణమట."

ఆయన నడక తగ్గించాడు.

"వెళ్దామా?" అంది ఆవిడ.

ఆ మాట ఆ నోట విని ఇరవై ఏళ్లు దాటింది. పోయిన ఖాతాదారు మళ్లీ గుమ్మం ఎక్కితే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. తొందరపడకూడదు, ఎక్కువ నవ్వకూడదు, ఏం చూపించమంటారని గట్టిగా అడగకూడదు. అవన్నీ మర్చిపోయి రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు.

"వెళ్దాం. రేపే టిక్కెట్లు కొంటా," అన్నాడు.

"కొంటారా?"

"కొంటా."

ఆవిడ కాస్త ఆలోచించింది. "మరి ఆ హాలుకు పరదాలు ఎవరు వేశారో కనుక్కోండి ముందు," అంది.